ఒక్క జన్యువు ఆపేస్తే చిట్టెలుక ఒంట్లో ఏం మారుతుంది?

విభాగం: సైన్సు, ఆరోగ్యం

ఏయూ జువాలజీ పీజీ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. వచ్చే వారం మా డిపార్ట్‌మెంటు సెమినార్‌లో నాకౌట్ ఎలుకల గురించి మాట్లాడాలి. ఒకే ఒక్క జన్యువు పనిచేయకుండా చేస్తే ఎలుక శరీరంలో ఏమేం మార్పులు వస్తాయన్నది నా అంశం. చదివేకొద్దీ తికమకగా ఉంది. ఒకటి తీసేస్తే ఎలుక మూడింతలు లావైందట. ఇంకొకటి తీసేస్తే కండలు రెండు మూడింతలయ్యాయట. మరొకటి తీసేస్తే ఏమీ కాలేదట. ఏమీ కాకపోతే ఆ జన్యువు ఉన్నదెందుకు? ఈ ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలో తెలిసినవారు చెప్పండి.

సీతమ్మధార మాస్టారు | శనివారం రాత్రి 10:05

అమ్మా, ముందు ఆ లావు ఎలుక సంగతి. దాన్ని ఎవరూ తయారు చేయలేదు. 1949లో అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లోని జాక్సన్ లేబొరేటరీలో దానంతట అదే పుట్టింది. ఎంత తిన్నా ఆకలి తీరదు. మామూలు ఎలుకకు మూడింతల బరువు పెరుగుతుంది. అంతటితో ఆగదు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోలేదు, చలికి తట్టుకోలేదు, పిల్లల్ని కనలేదు, రక్తంలో చక్కెర పెరుగుతుంది. చెడింది ఒక్క జన్యువే. దెబ్బ తగిలింది ఒళ్లంతటికీ.

అసలు అందం తర్వాత జరిగిన పరిశోధనలో ఉంది. అదే లేబొరేటరీలో డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త ఓబీ అని పేరుపెట్టిన ఈ లావు ఎలుకనూ మామూలు ఎలుకనూ పక్కపక్కన కుట్టి, రెంటి రక్తం కలిసేలా చేశాడు. లావు ఎలుక తిండి తగ్గించింది, బరువు తగ్గింది. డీబీ అనే ఇంకో రకం లావు ఎలుకతో అదే పని చేస్తే, పక్కనున్న మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. దాన్నిబట్టి ఆయన చెప్పిందేమిటంటే, ఓబీ ఎలుకలో 'ఇక చాలు' అనే సంకేతం లేదు. డీబీ ఎలుకలో సంకేతం దండిగా ఉంది, అందుకునేది లేదు. జన్యువు ఏదో కూడా తెలియని రోజుల్లో చెప్పిన మాట అది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకుంది. కొవ్వు కణాలు రక్తంలోకి వదిలే లెప్టిన్ అనే హార్మోన్ అది.

సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు. అయితే 'ఊబకాయం జన్యువు' అనకు. లావుగా ఉన్న మనుషుల్లో చాలామందికి లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంటుంది. ఇంజెక్షన్ ఇచ్చినా వాళ్లు తగ్గరు.

పరవాడ ల్యాబ్ | శనివారం రాత్రి 10:48

ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. అంతకుముందు హైదరాబాద్‌లో జంతుశాలలో ఎలుకల పెంపకం చూసేవాణ్ణి. నాకౌట్ ఎలా చేస్తారో చెప్తాను.

పాత పద్ధతిలో ఎలుక పిండం నుంచి మూలకణాలు తీసి గాజు పాత్రలో పెంచుతారు. మనం ఎంచుకున్న జన్యువుకు చెడిన నకలు తయారుచేసి వాటిలోకి పంపితే, ఎక్కడో కొన్ని కణాల్లో అది అసలుదాని చోట కూర్చుంటుంది. ఆ కణాలనే ఏరి, వేరే రంగు ఎలుక పిండంలో కలిపి, పెంపుడు తల్లి గర్భంలో పెడతారు. పుట్టే పిల్ల రెండు రంగుల బొచ్చుతో ఉంటుంది. ఒక్కో జన్యువుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు నకళ్లుంటాయి. పిల్ల బీజకణాల్లోకి మార్పు చేరితే, తర్వాతి తరంలో ఒక నకలు చెడినవి వస్తాయి. వాటిని జత కడితే నాలుగింట ఒక వంతుకు రెండు నకళ్లూ చెడి ఉంటాయి. అదీ నాకౌట్. మొదటి నాకౌట్ ఎలుకలు 1989లో వచ్చాయి. ఈ పద్ధతికి మారియో కాపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మిథీస్‌లకు 2007లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు జన్యువును అనుకున్న చోట కోసే క్రిస్పర్ అనే పద్ధతితో నేరుగా ఫలదీకరణ చెందిన అండంలోనే కోసేస్తున్నారు. ఏడాది పట్టే పని కొన్ని వారాల్లో అవుతోంది.

పేపర్ చదివేటప్పుడు ఒకటి గట్టిగా చూడండి. నాకౌట్ ఎలుకను దేనితో పోల్చారు? అదే ఈతలో పుట్టిన, జన్యువు బాగున్న తోబుట్టువుతో పోల్చాలి. బయటి నుంచి తెచ్చిన ఎలుకతో పోల్చితే తేడా జన్యువుదో వంశానిదో చెప్పలేం. ఈజీఎఫ్ఆర్ జన్యువు సంగతి చూడండి, 1995లో తేలింది. అదే జన్యువు తీసేస్తే ఒక వంశం ఎలుకల్లో పిండం గర్భంలో కుదురుకునే దశలోనే పోయింది. ఇంకో వంశంలో గర్భం మధ్యలో పోయింది. మూడో వంశంలో పుట్టి, మూడు వారాల దాకా బతికాయి.

ఎంవీపీ జిమ్ | ఆదివారం ఉదయం 7:20

కండలు పెరిగిన ఎలుక గురించి ఎవరైనా చెప్పండి అన్నా. మా జిమ్‌లో 'మయోస్టాటిన్ బ్లాకర్' అని ఒక పొడి డబ్బా అమ్ముతున్నారు. ఆ ఎలుక ఫొటో చూపించి మరీ అమ్ముతున్నారు. నిజంగా పనిచేస్తుందా?

పరవాడ ల్యాబ్ | ఆదివారం ఉదయం 8:02

తమ్ముడూ, కొనకు. ఎందుకో చెప్తాను.

ఫొటోలో ఎలుక నిజమే. 1997లో అలెగ్జాండ్రా మెక్‌ఫెరన్, సె-జిన్ లీ బృందం మయోస్టాటిన్ జన్యువును తీసేసింది. కండరాలు విడివిడిగా తూచితే మామూలు వాటికి రెండు మూడింతలు తూగాయి. కండరం ఇక పెరగొద్దని ఆపే ప్రొటీన్ అది. అదే ఏడాది బెల్జియన్ బ్లూ అనే కండల ఆవుల్లోనూ ఇదే జన్యువు చెడి ఉందని తేలింది. 2004లో జర్మనీలో ఒక పిల్లాడి గురించి రాశారు. రెండు నకళ్లూ చెడి పుట్టాడు. నాలుగున్నరేళ్లకే మూడేసి కిలోల డంబెల్స్ చేతులు చాచి పట్టుకునేవాడు.

ఫొటోలో కనిపించనిది కూడా విను. ఆ ఎలుకలో కండ పెరిగినంతగా బలం పెరగలేదు. గ్రాముకింత అని లెక్కేస్తే మామూలు కండరం కంటే తక్కువే. త్వరగా అలసిపోయింది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు చిన్నవిగా, పెళుసుగా తయారయ్యాయి. ఆ ఆవులకు కాన్పు కష్టం, చాలావాటికి పొట్ట కోసి దూడను తీయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. ఆ ఎలుకకు పిండంగా ఉన్నప్పటి నుంచే మయోస్టాటిన్ లేదు. దాని కండరంలో పోగుల సంఖ్యే ఎక్కువ. ఆ సంఖ్య చాలావరకు పుట్టేనాటికే ఖాయమైపోతుంది. పెరిగి పెద్దయిన నీ ఒంట్లో ఒక పొడి దాన్ని మార్చలేదు. పెద్ద పెద్ద మందుల కంపెనీలు దీన్ని ఆపడానికి రక్తంలోకి ఎక్కించే యాంటీబాడీలు తయారుచేసి, పరీక్షల్లోనే తడబడ్డాయి. పాలల్లో కలుపుకునే పొడి ఆ పని చేస్తుందని చెప్పడానికి నమ్మదగ్గ ఆధారం లేదు.

గాజువాక నాన్న | ఆదివారం మధ్యాహ్నం 1:35

నమస్తే. నేను పెద్దగా సైన్సు చదువుకోలేదు, ఫిట్టర్‌ని. పై పోస్టు చూసి అడుగుతున్నాను. మా బాబుకి ఏడేళ్లు. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆన్చుకుని లేస్తాడు. మెట్లు ఎక్కలేడు. పిక్కలు మాత్రం లావుగా ఉంటాయి. రక్తపరీక్షలో సీకే వేలల్లో వచ్చింది, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమట అది. జన్యుపరీక్ష చేసి డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ అన్నారు, కండరాలు క్రమంగా కరిగిపోయే జబ్బట. మయోస్టాటిన్ ఆపితే కండ పెరుగుతుందంటే మా వాడికి పనికొస్తుందా?

ఇంకో మాట. మాది మేనరికం, మేనమామ కూతుర్నే చేసుకున్నాను. మా వైపు వాళ్లంతా దానివల్లే ఇలా అయిందంటున్నారు. మా ఆవిడ అదే పట్టుకుని రోజూ ఏడుస్తోంది.

మహారాణిపేట పిల్లల డాక్టర్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

నాన్నగారూ, రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మేనరికం వల్ల డుషెన్ రాలేదు. ఇది ఇవాళే మీ ఆవిడకు చెప్పండి. కావాలంటే ఈ పోస్టు చూపించండి.

ఈ జబ్బులో చెడేది డిస్ట్రఫిన్ అనే జన్యువు, అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే, అది తల్లి నుంచి వస్తుంది. ఆ ఒక్కటీ చెడితే రెండోది ఆదుకోవడానికి లేదు. తండ్రి ఎవరైనా, చుట్టమైనా కాకపోయినా, ఈ జబ్బు విషయంలో తేడా ఉండదు. అలాగని తల్లి తప్పూ కాదు. సుమారు మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లి జన్యువు బాగానే ఉండి, మార్పు కొత్తగా వస్తుంది. మనిషి జన్యువుల్లో అతి పెద్దవాటిలో ఇదొకటి, సుమారు 22 లక్షల అక్షరాల పొడవు. అంత పొడవు నకలు తీసేటప్పుడు ఎక్కడో తప్పు పడే అవకాశం ఎక్కువ. మీ ఆవిడకు కూడా పరీక్ష చేయించండి. ఆమెను తప్పుపట్టడానికి కాదు. ఆమెకు అక్కచెల్లెళ్లుంటే వాళ్లకు, ముందు ముందు ఇంకో బిడ్డను కనాలనుకుంటే మీకు అది అవసరం.

మేనరికంలో వచ్చే చిక్కు వేరు. రెండు నకళ్లూ చెడితేనే వచ్చే జబ్బులు అక్కడ ఎక్కువ. మాస్టారు చెప్పిన లెప్టిన్ కథ సరిగ్గా అలాంటిదే. 1997లో ఇంగ్లండులో పాకిస్తానీ మూలాల కుటుంబంలో ఇద్దరు పిల్లల్ని గుర్తించారు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లున్న కుటుంబం. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. ఇద్దరికీ లెప్టిన్ జన్యువు రెండు నకళ్లూ చెడ్డాయి. లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఆకలి అదుపులోకి వచ్చి బరువు తగ్గారు. ఓబీ ఎలుకలో ఏం జరిగిందో ఆ పిల్లల్లోనూ అదే జరిగింది. ఎలుక చెప్పింది మనిషికి అచ్చంగా సరిపోయిన సందర్భం అది. మీ బాబు జబ్బులో అలా సరిపోలేదు. ఆ సంగతి పరవాడ వారు చెప్తే బాగుంటుంది.

పరవాడ ల్యాబ్ | ఆదివారం సాయంత్రం 5:26

చెప్తానండీ. డుషెన్ పరిశోధనకు ఎక్కువగా వాడేది ఎండీఎక్స్ అనే ఎలుక. 1984లో దొరికింది. ఎలా దొరికిందో తెలుసా నాన్నగారూ, మీ బాబుకు చేసిన సీకే పరీక్షతోనే. కొన్ని ఎలుకల రక్తంలో అది అసాధారణంగా ఎక్కువుందని గమనించి, వెతుక్కుంటూ వెళ్లారు. తర్వాత తేలింది, వాటిలో డిస్ట్రఫిన్ లేదు.

మన ఫిషింగ్ హార్బర్‌లో పడవను గట్టుకు కట్టే మోకు ఉంటుంది కదా, డిస్ట్రఫిన్ అలాంటిది. కండరపు పోగు లోపలి భాగాన్ని దాని పైపొరకు కట్టి ఉంచుతుంది. అది లేకపోతే కండరం బిగిసిన ప్రతిసారీ పైపొర చిరుగుతుంది. కండరంలోని సీకే ఆ చిరుగుల్లోంచి కారి రక్తంలో చేరుతుంది.

అయితే ఎండీఎక్స్ ఎలుకను బోనులో చూస్తే జబ్బుదని గుర్తుపట్టలేరు. పరుగెడుతుంది, ఎక్కుతుంది, మామూలు ఎలుకకు దగ్గరగానే బతుకుతుంది. మూడు నాలుగు వారాల వయసులో కండరాలు బాగా దెబ్బతింటాయి, మళ్లీ పెరుగుతాయి. ఊపిరికి పనిచేసే డయాఫ్రమ్ మాత్రం కోలుకోదు, అక్కడ మనిషిలో కనిపించే నష్టమే కనిపిస్తుంది. అదే జన్యువు మనిషిలో చెడితే పిల్లలు పదీ పన్నెండేళ్లకు నడక కోల్పోతారు. ఎందుకింత తేడా?

ఒక కారణం యూట్రోఫిన్. డిస్ట్రఫిన్‌ను పోలిన ఇంకో ప్రొటీన్. డిస్ట్రఫిన్ లేదని తెలియగానే ఎలుక శరీరం యూట్రోఫిన్‌ను ఎక్కువ చేసి, ఆ ఖాళీలో నిలబెడుతుంది. 1997లో రెండూ తీసేసి చూశారు. అప్పుడు ఎలుక నడుము వంగిపోయింది, కండరాలు కరిగిపోయాయి, కొద్ది నెలలకే చనిపోయింది. అచ్చం డుషెన్ లాగే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 2002లో ఎండీఎక్స్ ఎలుకల్లో మయోస్టాటిన్ కూడా తీసేశారు. కండ పెరిగింది, బలం పెరిగింది, మచ్చకణజాలం తగ్గింది. ఎంతో ఆశ పుట్టింది. ఆ ఆశతోనే ఫైజర్ కంపెనీ డోమాగ్రోజుమాబ్ అనే యాంటీబాడీని డుషెన్ పిల్లల్లో పరీక్షించింది. నాలుగు మెట్లు ఎక్కడానికి పట్టే సమయం కొలిచారు. తేడా రాలేదు. 2018లో ఆపేశారు. ఇంకో కంపెనీ మందును పిల్లల్లో చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారడంతో ఆపాల్సి వచ్చింది.

నా అభిప్రాయం చెప్తాను. తనను తాను బాగుచేసుకోగల ఎలుక కండరంలో బ్రేకు తీసేస్తే పెరుగుతుంది. పిల్లాడి కండరంలో ఆ బాగుచేసుకునే శక్తే అయిపోతోంది. పైగా జబ్బు కండరంలో మయోస్టాటిన్ అసలే తక్కువ. తక్కువున్నదాన్ని ఆపి లాభమేముంటుంది? అందుకని ఆ దారి మీద ఆశ పెట్టుకోవద్దండీ. 'మయోస్టాటిన్' పేరుతో ఎవరేం అమ్మినా బాబుకు పెట్టొద్దు.

ఏయూ జువాలజీ పీజీ | ఆదివారం రాత్రి 8:15

నాన్నగారూ, బాబు గురించి చదివి బాధగా ఉంది. ల్యాబ్ సార్, యూట్రోఫిన్ సంగతి నా ప్రశ్నకు సగం జవాబు. 'ఏమీ కాలేదు' అన్నచోట ఇంకో జన్యువు ఆ పని మోస్తోందని అనుకోవచ్చా?

సీతమ్మధార మాస్టారు | ఆదివారం రాత్రి 9:00

అనుకోవచ్చు, కానీ నిరూపించాలి. 1992లో మయోడీ జన్యువు తీసేశారు. చర్మకణాన్ని కూడా కండరంగా మార్చగలిగే జన్యువు కాబట్టి అది లేకపోతే కండరమే ఉండదని అనుకున్నారు. ఎలుకలు చక్కగా కండరాలతో పుట్టాయి. మిఫ్5 అనే దాని తోటి జన్యువు ఎక్కువ పనిచేసింది. మిఫ్5 ఒక్కటే తీసేసినా కండరాలు ఏర్పడ్డాయి. మరుసటి ఏడు రెండూ తీస్తే కండరం లేకుండా పుట్టి, వెంటనే పోయాయి. రెండో ప్రయోగం లేకపోతే మొదటిదానికి అర్థమే లేదు.

'ఏమీ కాలేదు' అన్నది ఒక్కోసారి మనం చూడాల్సిన చోట చూడకపోవడం కూడా. అదే 1992లో ప్రయాన్ ప్రొటీన్ జన్యువు తీసేస్తే ఎలుకలు మామూలుగానే పెరిగాయి. మరుసటి ఏడు వాటికి గొర్రెల మెదడుకు వచ్చే స్క్రేపీ జబ్బు ఎక్కిస్తే అంటలేదు. మామూలు ఎలుకలన్నీ చచ్చిపోయాయి. కణితులు రాకుండా కాపాడే పీ53 అనే జన్యువు లేని ఎలుక కూడా పుట్టుకతో బాగానే ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి చాలావాటికి కణితులు వచ్చాయి.

ఇంకొక్కటి రాసుకో. ఇంటర్నేషనల్ మౌస్ ఫీనోటైపింగ్ కన్సార్టియం వాళ్లు ఒక్కో జన్యువునూ తీసి, ఒకే రకం పరీక్షలు చేస్తూ పోతున్నారు. 2016లో 1,751 జన్యువుల లెక్క ఇచ్చారు. 410 జన్యువుల్లో ఏది తీసినా పిల్ల బతకలేదు. పత్రికల్లో మనం చూసే ఎలుకలు బతికి బట్టకట్టినవే. ఆ మిగతావాటి గురించి కూడా నీ సెమినార్‌లో ఒక స్లైడు ఉండాలి.

భీమిలి అక్క | ఆదివారం రాత్రి 9:40

అన్నీ చదివాను. రెండు ఎలుకల్ని కలిపి కుట్టడం, నడుం వంగి చచ్చిపోవడం, ఇవి చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. ఆ తండ్రి బాధ అర్థమవుతోంది. అయినా మనిషికి సరిపోనప్పుడు ఆ మూగజీవాల్ని ఇంత హింసించడం ఎందుకు?

పరవాడ ల్యాబ్ | ఆదివారం రాత్రి 10:30

అక్కా, ఆ పని చేసినవాణ్ణి కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయలేను. మీరు బాధపడటం సబబే. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఇలాంటి ప్రయోగాలకు సంస్థ నైతిక కమిటీ అనుమతి ఉండాలి. ఎన్ని ఎలుకలు కావాలో, ఎందుకు కావాలో, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారో, ఏ దశలో ప్రయోగం ఆపుతారో ముందే రాసివ్వాలి. కాగితం మీద ఉన్నది ప్రతిచోటా జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సరిపోలేదన్న మాట మాత్రం పూర్తిగా ఒప్పుకోను. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని, ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే జబ్బుంది; ఆ జన్యువు తీసేసిన ఎలుకకు మనుషుల్లోలా ఊపిరితిత్తుల జబ్బు రాలేదు, పేగు మూసుకుపోయింది. అప్పుడు పందుల్లో, ముంగిసను పోలిన ఫెర్రెట్లలో చూశారు. ఎలుక ఎక్కడ మనలా లేదో తెలిస్తేనే తర్వాతి ప్రయోగం సరైన చోట జరుగుతుంది. ఎండీఎక్స్ ఎలుకను పైపైన చదివి పరుగెత్తినందువల్లే పిల్లల మీద అన్ని పరీక్షలు వృథా అయ్యాయని నా నమ్మకం.

మహారాణిపేట పిల్లల డాక్టర్ | ఆదివారం రాత్రి 10:52

జంతువు అక్కర్లేకుండా మనుషుల నుంచే తెలుసుకునే దారి కూడా ఉంది అక్కా. 2017లో పాకిస్తాన్‌లో 10,503 మందిని పరీక్షించారు. బంధువుల పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి 1,317 జన్యువుల్లో రెండు నకళ్లూ చెడినవారు దొరికారు. ఏపీఓసీ3 అనే జన్యువు అసలు లేని ఒక కుటుంబానికి కొవ్వు బాగా ఉన్న భోజనం పెట్టి చూస్తే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరగనే లేదు. పుట్టుకతో ఆ జన్యువు లేకుండా, మామూలుగా తిరుగుతున్న మనుషులు వాళ్లు. మేనరికాలున్న మన ఉత్తరాంధ్రలో కూడా ఇలాంటి అధ్యయనం, కుటుంబాల సమ్మతితో, వాళ్లకు జన్యు సలహా అందిస్తూ జరగాలని నా కోరిక.

గాజువాక నాన్న | సోమవారం ఉదయం 6:10

డాక్టరమ్మగారూ, రాత్రి మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. మీకు దండాలు. మా బాబు రిపోర్టులో 45 నుంచి 50 వరకు ఎక్సాన్లు లేవు అని ఉంది. దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా? ఇప్పుడు మేం చేయాల్సింది ఏమిటి?

మహారాణిపేట పిల్లల డాక్టర్ | సోమవారం ఉదయం 7:45

ఉంటుంది. ఆ జన్యువులో 79 ముక్కలుంటాయి, వాటినే ఎక్సాన్లు అంటారు. మీ బాబుకు ఆరు ముక్కలు పోవడంతో ఆ తర్వాతి అక్షరాలు మూడేసి చొప్పున చదివే వరస తప్పింది. 51వ ముక్కను కూడా దాటవేయిస్తే వరస మళ్లీ కుదిరి, పొట్టిదైనా కొంత డిస్ట్రఫిన్ తయారవుతుంది. ఈ ఉపాయాన్ని మొదట ఎండీఎక్స్ ఎలుకల్లోనే చూశారు. 51ని అలా దాటవేయించే ఎటెప్లిర్సెన్ అనే మందుకు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆధారం చాలదని 2018లో యూరప్ ఒప్పుకోలేదు. ధర చాలా ఎక్కువ, తయారయ్యే ప్రొటీన్ చాలా తక్కువ. దాని కోసం ఇల్లు అమ్ముకోవద్దు. కానీ మీ బాబు ఏ గుంపులోకి వస్తాడో కాగితం మీద రాసి పెట్టుకోండి, కొత్త పరీక్షలు వచ్చినప్పుడు మొదట అడిగేది అదే.

ఇప్పుడు చేయాల్సినవి వేరే ఉన్నాయి. స్టెరాయిడ్లు మొదలుపెట్టారా? ప్రెడ్నిసొలోన్ గానీ డెఫ్లజాకోర్ట్ గానీ డాక్టర్ పర్యవేక్షణలో వాడితే నడక ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. మొదలుపెట్టాక మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. మడమల కండరాలు బిగుసుకోకుండా రోజూ సాగదీయించాలి, ఎలాగో ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. గుండె పరీక్ష ఏటా చేయించాలి, బాబు హుషారుగా ఉన్నా సరే. బరువు పెరగనివ్వకండి.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్ నిమ్స్ ఒక గుర్తింపు కేంద్రం. 50 లక్షల రూపాయల వరకు సహాయానికి వీలుంది, నమోదు మాత్రం ఆ కేంద్రాల ద్వారానే జరగాలి. వెళ్లేటప్పుడు జన్యు రిపోర్టు అసలుది, సీకే రిపోర్టులు, బాబు ఆధార్ తీసుకెళ్లండి. మీ ఆవిడ పరీక్షకు రక్తం కూడా అదే ప్రయాణంలో ఇవ్వొచ్చేమో ముందుగా ఫోన్ చేసి అడగండి.